వాడెవిల్ హాస్య జంటల డీవీడీ: ఆట అద్భుతం, కూర్పు అరకొర

రేడియో, మాటల సినిమా రాకముందు అమెరికాలో సామాన్యుల వినోదం వాడెవిల్. ఒకే టికెట్టు మీద గారడీ, పాట, నాట్యం, జంతువుల విన్యాసాలు చూపి, వాటి నడుమ ఇద్దరేసి నటులు ఆడే పది పదిహేను నిమిషాల హాస్య ప్రహసనాలు కూడా పెట్టేవారు. వాటిలో కొన్నింటిని 1920ల చివర్లో వార్నర్ బ్రదర్స్ సంస్థ, బొమ్మకు శబ్దం జతచేసే వైటాఫోన్ పద్ధతిలో చిత్రించి భద్రపరిచింది. ఆ లఘుచిత్రాలలో కొన్నింటిని కూర్చిన ఒక పాత డీవీడీని ఈమధ్య విదేశంలోని ఒక విక్రేత నుంచి తెప్పించుకున్నాను. ధర ఎంతో రవాణా ఖర్చూ దాదాపు అంతే అయింది. అయినా రెండు చిత్రాల కోసం ఆ ఖర్చును సమర్థించుకోగలను.

మొదటిది 1928 నాటి ‘ది బో బ్రమెల్స్’. ఇందులో ఆల్ షా, శామ్ లీ అనే జంట ఒకేలాంటి దుస్తులతో, టోపీలతో, తెర ముందు పక్కపక్కన నిలబడి, ముఖంలో ఏ భావమూ లేకుండా, ఒకే స్వరంలో హాస్యం వల్లిస్తారు. రంగస్థలం మీదైతే నటుడు ఒక మాట విసిరి, నవ్వు లేచి సద్దుమణిగేదాకా ఆగి, తరువాతి మాట అందుకుంటాడు. స్టూడియోలో నవ్వేవారు లేరు. ఈ జంట ఎవరి నవ్వు కోసమూ ఆగుతున్నట్టు కనిపించదు. ఆ పట్టనితనమే నవ్వు తెప్పిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు రెండు నిమిషాలు గడిచేదాకా నాకు నవ్వు రాలేదని, ఆ తరువాత ఆపుకోవడం కష్టమైందని ఒప్పుకోవాలి.

రెండవది 1929లో జార్జ్ బర్న్స్, గ్రేసీ ఆలెన్ దంపతులు నటించిన ‘లాంబ్ చాప్స్’. అనారోగ్యంతో రాలేకపోయిన ఫ్రెడ్ ఆలెన్ అనే హాస్యనటుడికి బదులుగా వీరికి ఆ అవకాశం దక్కింది. స్టూడియోలో వేసిన సెట్టేమో ఒక ఇంటి హాలు. వీరి ప్రహసనమేమో అలాంటి చోట జరిగేది కాదు. ఆ చిక్కును దాచకుండా వారు దానినే హాస్యంగా మలిచారు. గ్రేసీ హాలులోకి వస్తూనే అక్కడి సామాన్ల మధ్య దేనికోసమో వెతుకుతుంది. ఏమిటని అడిగితే ప్రేక్షకులనట! అప్పుడు జార్జ్ ఆమెకు కెమెరా వైపు చూపి సంగతి వివరిస్తాడు. లేని ప్రేక్షకులను వెతకడంతో మొదలైన ఈ ఎనిమిది నిమిషాల ఆటలో, వాడెవిల్ నటులకు కెమెరా ముందు ఎదురైన ఇబ్బంది అంతా కనిపిస్తుంది.

ఈ జంట కలిసిన కొత్తలో హాస్యమంతా జార్జ్‌ది, ప్రశ్నలు గ్రేసీవి. అయితే తన జవాబులకన్నా ఆమె ప్రశ్నలకే జనం ఎక్కువగా నవ్వుతున్నారని గమనించి పాత్రలు తారుమారు చేశానని బర్న్స్ తరువాత చెప్పుకున్నారు. ఈ చిత్రంలో ఆయన చేసే పని పైకి కనిపించదు. ప్రశ్న వేసి, జవాబు విని, దానినే ఒకసారి తిరిగి అడిగి, ఆమె తదుపరి మాటకు దారి ఇవ్వడం మాత్రమే. రెండోసారి చూస్తున్నప్పుడు గ్రేసీని వదిలి ఆయననే గమనించండి.

ఇక కూర్పు సంగతి. వైటాఫోన్‌లో శబ్దం ఫిలిం మీద కాక, నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే 16 అంగుళాల రికార్డు మీద విడిగా ఉండేది. కాలక్రమంలో బొమ్మ ఒకచోట, రికార్డు మరొకచోట మిగిలిపోయిన చిత్రాలు ఎన్నో. వాటిని వెతికి జతపరచడానికి 1991లో వైటాఫోన్ ప్రాజెక్ట్ అనే బృందం ఏర్పడింది. ఈ డిస్కులో ఒక చిత్రం మినహా పెదవులకూ మాటకూ పొంతన చక్కగా కుదిరింది. కెమెరా మోత మైకులో పడకుండా దానిని మూసిన గదిలో ఉంచేవారు కనుక చిత్రీకరణలో కదలిక తక్కువ. అందువల్ల ముందు వరుసలో కూర్చుని నాటకం చూస్తున్నట్టే ఉంటుంది. నాకు అదే నచ్చింది.

నచ్చనిది ఉపశీర్షికలు లేకపోవడం. ‘లాంబ్ చాప్స్’ (గొర్రె మాంసపు ముక్కలు) అనే శీర్షికకు మూలమైన హాస్యాన్నే తీసుకోండి. అంత చిన్న పిల్లవు రెండు పెద్ద మాంసపు ముక్కలు ‘ఎలోన్’ తినగలవా అని జార్జ్ అడిగితే, ‘ఎలోన్’ తినలేనని, ఆలుగడ్డలతో అయితే తినగలనని గ్రేసీ అంటుంది. ఒక్కదానివేనా అని ఆయన అడిగినది, నంజుకోవడానికేమీ లేకుండానా అని ఆమెకు వినిపించింది. వందేళ్ల నాటి గరగర శబ్దంలో, ఆ వేగంలో, మనవంటివారికి ఈ శ్లేష అందాలంటే అడుగున అక్షరాలు ఉండి తీరాలి. నటుల గురించి ఒక్క పుట పరిచయమైనా జతచేయలేదు. ఈ జార్జ్ బర్న్సే 80 ఏళ్ల వయసులో, ‘ది సన్‌షైన్ బాయ్స్’ చిత్రంలో ముసలి వాడెవిల్ నటుడి పాత్రకు ఆస్కార్ అందుకున్నారన్న సంగతి కూడా అట్ట మీద లేదు.

కొనేవారికి ఒక హెచ్చరిక. డీవీడీ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో రీజియన్ అనే సంఖ్యతో నిర్ణయిస్తారు. ఈ డిస్కు అమెరికాకు ఉద్దేశించిన ఒకటో రీజియన్‌ది. మన దేశానిది ఐదు. మా ఇంటి ప్లేయర్ దీనిని నిరాకరించింది. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ మార్చి చూశాను. అలా మార్చుకునే అవకాశం ఐదుసార్లే ఉంటుంది, ఒకటి అయిపోయింది. తిరిగి ఐదుకు మార్చే ఉద్దేశం ప్రస్తుతానికి లేదు.