నాలుగోవాడు నిలబడాలంటే ఏది మేలు: రోజూ గట్టి పరుగా, నింపాది పరుగా?

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో క్రాస్‌ కంట్రీ, అంటే ట్రాక్‌ మీద కాకుండా ఆరుబయట నేల మీద సాగే దూరపు పరుగు, పరిగెత్తే పిల్లలకూ, వాళ్లను పరిగెత్తించే పీడీ సార్లకూ ప్రతి ఏడాదీ ఎదురయ్యే ప్రశ్న ఇది. రోజూ ఆయాసం వచ్చేదాకా గట్టిగా పరిగెత్తాలా? లేక వారంలో చాలా రోజులు నింపాదిగా పరిగెత్తి, రెండు రోజులు మాత్రం ఒళ్లు వంచాలా? మొదటిది మన స్టేడియాల్లో ఎప్పటి నుంచో నడుస్తున్న పద్ధతి. రెండోది నార్వేలోనూ, అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాల కాలేజీల్లోనూ క్రాస్‌ కంట్రీ స్కీయింగ్‌ జట్లు, అంటే కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని మంచు మీద దూరాలు వెళ్లేవాళ్లు, పాటించేది. మంచే ఎరగని ఊళ్లో స్కీయింగ్‌ సంగతి మనకెందుకు అనిపించొచ్చు. కానీ గుండె, ఊపిరితిత్తులు ఆగకుండా గంటల తరబడి పనిచేయాల్సిన ఆటల్లో వాళ్లది మొదటి వరస. అదీగాక దక్షిణాది వాళ్లకు ఆ ఆట అందనిదేమీ కాదు. కర్ణాటకలోని కొడగు నుంచి వెళ్లిన భవానీ తెక్కడ నంజుండ అదే క్రాస్‌ కంట్రీ స్కీయింగ్‌లో దేశం తరఫున పోటీపడుతోంది.

తూకం వేసే ముందు జట్టు గెలుపు లెక్క గుర్తు చేసుకుందాం. ప్రపంచ క్రాస్‌ కంట్రీ పోటీల్లో ఒక జట్టు నుంచి ఆరుగురు పరిగెత్తితే, ముందొచ్చిన నలుగురి స్థానాలు కూడతారు. మొత్తం తక్కువైన జట్టు గెలుస్తుంది. అమెరికా కాలేజీల్లో ఏడుగురు పరిగెత్తితే అయిదుగురి స్థానాలు లెక్కలోకి వస్తాయి. మీ స్టార్‌ రన్నర్‌ ఫస్ట్‌ వచ్చి ఒక్క పాయింటుతో సరిపెట్టినా, నాలుగోవాడు డెబ్బయ్యో స్థానంలో వస్తే ఇక కప్పు మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే ఏ పద్ధతినైనా నేను ఒకే ఒక్క విషయంతో తూస్తాను. పోటీ రోజు పొద్దున మీ నాలుగోవాడు, అయిదోవాడు ఏ నొప్పీ లేకుండా లైను మీద నిలబడ్డారా?

ముందు మన పద్ధతి. అయిదింటికి గ్రౌండ్‌కి రావడం, రెండు మూడు రౌండ్లు వార్మప్‌, ఆపైన సార్‌ విజిల్‌ వేయగానే అందరూ ఒకేసారి బయల్దేరడం. చేతిలో స్టాప్‌వాచ్‌. నిన్నటి టైమ్‌ కన్నా ఇవాళ తగ్గాలి. దీన్ని తీసిపారేయడానికి లేదు, దీని వెనక గట్టి కారణాలే ఉన్నాయి. కాలేజీ తొమ్మిదింటికి మొదలు, హాస్టల్‌ మెస్‌లో ఆలస్యమైతే టిఫిన్‌ ఉండదు, కాబట్టి దొరికేది గంటా గంటంబావు. మీట్‌ తేదీ తెలిసేసరికి చేతిలో నెలో నెలన్నరో మిగులుతుంది. పైగా చాలామంది కుర్రాళ్లు కాలేజీ జట్టుతో పాటు కానిస్టేబుల్‌ ఉద్యోగానికో, ఆర్మీకో కూడా సిద్ధమవుతుంటారు. అగ్నివీర్‌ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు పరిగెత్తితే 60 మార్కులు. ఇంటి పరిస్థితి తెలిసిన కుర్రాడికి ఆ సెకన్ల విలువ ఎంతో మనం చెప్పక్కర్లేదు.

ఆ పరీక్ష వరకు గట్టి పరుగు పనిచేస్తుంది కూడా. కొత్తగా మొదలుపెట్టినవాడికి నెలా రెండు నెలల్లో టైమ్‌ బాగా తగ్గుతుంది, ఒంట్లో తేడా వాడికే తెలుస్తుంది. చిక్కు ఆ తర్వాత. తగ్గుతూ వచ్చిన టైమ్‌ ఒకచోట ఆగిపోతుంది. ‘సార్‌, షిన్‌ పెయిన్‌’ అని ఒకడు పక్కన కూర్చుంటాడు. మోకాలి కింద ఎముక మీద వేలితో నొక్కితే విలవిల్లాడతాడు. వారానికి ఇంకొకడు.

ఎవరు ముందు కూర్చుంటున్నారో గమనించండి. అందరూ ఒకే వేగంతో పరిగెత్తినా అందరికీ పడే శ్రమ ఒకటి కాదు. జట్టులో మొదటివాడికి ఆ వేగం ఓ మోస్తరు ప్రాక్టీస్‌. అదే వేగాన్ని అందుకోవాలంటే నాలుగోవాడు రోజూ ప్రాణం పెట్టి పరిగెత్తాలి. అంటే వాడికి ప్రతి పొద్దునా పోటీయే. ఎవరు నిలబడితే కప్పు వస్తుందో వాళ్లనే ఈ పద్ధతి ముందుగా అరగదీస్తుంది. నాకు ఈ పద్ధతి మీదున్న పెద్ద ఫిర్యాదు ఇదే.

ఇక స్కీయింగ్‌ జట్ల సంగతి. కాలేజీ స్కీయర్ల పోటీలు ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా. సాధన మాత్రం అంతకుముందు వేసవిలోనే మొదలవుతుంది. మంచు లేని నెలల్లో చక్రాలున్న రోలర్‌ స్కీలు కట్టుకుని తారురోడ్ల మీద వెళ్తారు. రెండు చేతుల్లో కర్రలు పట్టుకుని కొండదారులు ఎక్కుతారు. గంటల కొద్దీ పరిగెత్తుతారు, సైకిల్‌ తొక్కుతారు. ఇందులో ఎక్కువ భాగం పక్కవాడితో కబుర్లు చెప్పుకోగలిగే వేగంలోనే సాగుతుంది.

ఇది వట్టి మాట కాదు, లెక్కలున్నాయి. నార్వే జూనియర్‌ స్కీయర్ల సాధనను గమనించి స్టీఫెన్‌ సైలర్‌ అనే శాస్త్రవేత్త, మరొకరు కలిసి 2006లో ఒక పరిశోధన వెలువరించారు. ఆ పిల్లల సాధనలో నాలుగింట మూడొంతులు తేలికపాటి వేగం. బాగా గట్టి సాధన ఆరో వంతు. మధ్యరకం, అంటే మాట తడబడేంత ఆయాసం ఉన్నా పోటీ వేగం కానిది, పదో వంతు కూడా లేదు. మన స్టేడియంలో రోజూ జరిగేది దాదాపుగా ఈ మధ్యరకమే. మారిట్‌ బ్యోర్గెన్‌ ఒలింపిక్స్‌లో 8 స్వర్ణాలతో కలిపి 15 పతకాలు గెలిచిన నార్వే స్కీయర్‌. ఆమె సాధన డైరీలను పరిశీలించి 2017లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, బాగా గెలిచిన ఏళ్లలో ఆమె దమ్ము పెంచే సాధనలో 92 శాతం తేలిక వేగంలోనే సాగింది. ఏడాదికి 900 గంటలు దాటిన సాధన అది. అన్ని గంటలు చేయగలిగిందంటే ఎక్కువ భాగం తేలికగా చేసింది కాబట్టే.

నింపాది పరుగు ఒంటికి ఏం చేస్తుంది? కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి. కణాల్లో ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. గుండె ఒక్కో దెబ్బకు పంపే రక్తం పెరుగుతుంది. ఇవన్నీ నెలలు పట్టే పనులు, తొందరపెడితే జరిగేవి కావు. గట్టి పరుగు వీటిపైన పదును పెడుతుంది, కానీ దాన్నుంచి తేరుకోవడానికి ఒకటి రెండు రోజులు కావాలి. పన్నెండింటిదాకా రికార్డులు రాసి నాలుగున్నరకు లేచే ఇంజనీరింగ్‌ కుర్రాడికి ఆ తేరుకునే టైమ్‌ ఎక్కడిది? నింపాది పరుగైతే ఇంటర్నల్స్‌ వారంలోనూ మానక్కర్లేదు.

అలాగని స్కీయర్ల పద్ధతిని ఉన్నదున్నట్టు దించేస్తే మనకు దెబ్బే. స్కీ మంచు మీద జారుతుంది, పాదానికి కుదుపు తక్కువ. భారం చేతులు, కాళ్లు పంచుకుంటాయి. పరుగులో ఒక్కో అడుగుకు మన బరువుకు రెండు మూడింతల ఒత్తిడి కాలి మీద పడుతుంది. అందుకే వాళ్ల గంటలు మనవి కావు. వాళ్ల నుంచి మనం తీసుకోవాల్సింది ఆ నిదానాన్ని. పరుగు ఒక స్థాయి దాటకుండా చూసుకుని మిగతా సాధనను సైకిల్‌తోనో మెట్లతోనో నింపాలి. బందరు కాలువ గట్టునో, మీ ఊరి కాలువ గట్టునో గంటన్నర సైకిల్‌ తొక్కండి. మంగళగిరి కొండ మెట్లు వడివడిగా ఎక్కి, నెమ్మదిగా దిగండి. గుంటూరు పిల్లలైతే నెలకోసారి కొండవీడు ఘాట్‌రోడ్డు ఎక్కొచ్చు. స్కీయర్లు చేసేది అదే కాబట్టి చేతికర్రలు పట్టుకుని నడుస్తూ ఎక్కినా తప్పులేదు. గుండెకు పని దొరుకుతుంది, షిన్‌కు విశ్రాంతి దొరుకుతుంది.

రెండో తేడా వాతావరణం. అంతర్జాతీయ స్కీ పోటీల్లో చలి మైనస్‌ 20 డిగ్రీలు దాటితే రేసు ఆపేస్తారు. మనకు మేలో 45 డిగ్రీల దాకా పోతుంది, కృష్ణ ఒడ్డున ఉక్కపోత అదనం. ఈ ఎండల్లో అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. జనవరిలో నింపాదిగా అనిపించిన వేగం ఏప్రిల్‌లో గట్టి పరుగైపోతుంది. కాబట్టి కిలోమీటరుకు ఇన్ని నిమిషాలు అని రాసిపెట్టుకోవడం మన దగ్గర పనికిరాదు. దూరం కాకుండా నిమిషాలు లెక్కపెట్టండి. వేసవిలో నాలుగున్నరకే మొదలుపెట్టి సూర్యుడు పైకి రాకముందే ముగించండి.

మరి నింపాది అంటే ఎంత నింపాది? వాచీలు ఉన్నవాళ్లు ఉంటారు, లేనివాళ్లే ఎక్కువ. నేను చూసినవాటిలో అన్నింటికన్నా నమ్మకమైన పద్ధతి ఎక్కం. ఒక ఆదివారం ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం మీదుగా కరకట్ట ఎక్కి ఉండవల్లి వైపు జట్టంతా వెళ్తోంది. సార్‌ సైకిల్‌ మీద పక్కనే వస్తూ వంతులవారీగా ఒక్కొక్కరి చేత పదమూడో ఎక్కం చెప్పిస్తున్నారు. పదమూడు ఆర్ల డెబ్బై ఎనిమిది, పదమూడు ఏడుల తొంభై ఒకటి అని మధ్యలో ఊపిరి తీసుకోకుండా వస్తే సరే. ‘పదమూడు ఎనిమిదుల’ దగ్గర ఆగి గాలి పీలిస్తే, లెక్క సరిగ్గా చెప్పినా సరే, ‘తగ్గమ్మా’ అంటున్నారు. ఫస్టియర్‌ అమ్మాయి ఒకతె ముఖం ముడుచుకుని, ‘సార్‌, వాకింగ్‌ వాళ్లు కూడా మమ్మల్ని దాటిపోతున్నారు, అందరూ చూస్తున్నారు’ అంది. ‘చూడనీ. నీ పోటీ వాళ్లతో కాదుగా’ అన్నారాయన.

ఆ అమ్మాయి అన్నది చిన్న విషయం కాదు. ఈ పద్ధతిలో అసలు కష్టం అక్కడే ఉంది. గట్టిగా పరిగెత్తడం మన పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు, తగ్గడమే రాదు. అందరి ముందూ నెమ్మదిగా వెళ్లడం నామోషీ. సైలర్‌ చెప్పిన ఒక సంగతి ఉంది. నార్వే వెళ్లిన కొత్తల్లో అడవిదారిలో పరిగెత్తుతున్న ఒక స్కీయర్‌ని ఆయన చూశాడు. మంచి క్రీడాకారిణి. నిటారు ఎత్తు రాగానే ఆమె పరుగు ఆపి నడక మొదలుపెట్టింది. ఆ రోజు తేలిక సాధన, పరిగెత్తితే తేలిక కాకుండా పోతుంది, అందుకని. అంత పేరున్న వాళ్లకు లేని నామోషీ మనకెందుకు?

నింపాది పరుగుకు ఇంకో మేలు ఉంది. జట్టు విడిపోదు. గట్టి పరుగులో పది నిమిషాలకే ముందువాడికీ వెనకవాడికీ మధ్య అర కిలోమీటరు దూరం వస్తుంది. చీకటి ఇంకా వీడని కరకట్ట మీద చివర మిగిలేది తరచుగా అమ్మాయిలే. పక్కన ఇసుక లారీలు, వెంటబడే కుక్కలు. ఇంట్లోవాళ్లు ప్రాక్టీస్‌ మాన్పించడానికి ఆ భయం చాలు. అందరూ కలిసి సాగే వేగమైతే పంపడానికి తల్లిదండ్రులు కూడా అంత టెన్షన్‌ పడరు. అమ్మాయిల జట్టు ఏడాది పొడవునా నిలవాలంటే నాకు ఇది మిగతా కారణాలన్నిటికన్నా పెద్దది.

ఇక ఎవరికి ఏది? రెండు నెలల్లో కానిస్టేబుల్‌ ఈవెంట్సో, అగ్నివీర్‌ ర్యాలీయో ఉన్న కుర్రాడు వారానికి మూడు గట్టి పరుగులు చేసుకోవచ్చు. అక్కడ నాలుగోవాడి లెక్క లేదు, దూరం కూడా చిన్నది. కానీ వాడు సైతం రోజూ టెస్ట్‌ పెట్టుకోకూడదు. ఇంటర్‌ రెండేళ్లూ గ్రౌండ్‌ మొహం చూడకుండా వచ్చిన ఫస్టియర్‌ పిల్లలకు మొదటి రెండు మూడు నెలలు నింపాది పరుగు తప్ప మరొకటి వద్దు. వాళ్ల ఊపిరి త్వరగా అలవాటు పడుతుంది, ఎముకలకు ఇంకా చాలా సమయం పడుతుంది. పది కిలోమీటర్ల పోటీకి వెళ్లే జట్టుకైతే స్కీయర్ల పాళ్లే సరి. మంగళవారం ఫ్లైఓవర్‌ ఎత్తు మీదనో కొండదారిలోనో చిన్న చిన్న పరుగులు, శుక్రవారం పోటీ వేగంతో కిలోమీటరు చొప్పున నాలుగైదు, ఆదివారం కరకట్ట మీద పొడుగాటి నింపాది పరుగు. ఒక రోజు పూర్తి విశ్రాంతి. మిగిలిన రోజుల్లో ఎక్కం చెప్పుకుంటూ పరుగు, లేదా సైకిల్‌. మంగళ, శుక్రవారాల్లో మాత్రం దయాదాక్షిణ్యాలు అక్కర్లేదు, ఆ రెండు రోజులూ మన పాత పద్ధతిలోనే స్టాప్‌వాచ్‌ బయటికి రావాలి.

సార్లకు ఒక మాట. ఇలా చేస్తే మొదటి నెల టైమ్‌ పెద్దగా తగ్గదు. పక్క కాలేజీ వాళ్లు ముందున్నట్టు కనిపిస్తారు, ప్రిన్సిపాల్‌ కూడా అడుగుతారు. అప్పుడు స్టాప్‌వాచ్‌ కాకుండా హాజరు పట్టీ చూపించండి. నెల మొదట్లో ఎంతమంది పరిగెత్తారో, నెలాఖరున కూడా అంతమందే పరిగెత్తుతుంటే జట్టు బాగున్నట్టు. మీట్‌ ఇంకా పది రోజులుందనగా పరిగెత్తే నిమిషాలు సగానికి తగ్గించండి. ఆ రెండు గట్టి రోజులు మాత్రం ఉంచండి, కాకపోతే నాలుగైదు కిలోమీటర్ల బదులు రెండు చాలు.