దూది కుందేలు, బంకమట్టి, బెండకాయ అచ్చు: ఎల్కేజీ పిల్లలకు ఏది మేలు?

ఇంతకుముందు నేను పనిచేసిన స్కూల్లో శనివారం ‘యాక్టివిటీ’ అంటే కుందేలే. తెల్ల చార్టు మీద కుందేలు ఆకారం, దానికి దూది, గులాబీ రంగు ముక్కు, అతికించే కళ్లు. మధ్యాహ్నానికల్లా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఫొటో పడాలి. 32 కుందేళ్లూ కవల పిల్లల్లా ఉండేవి. ఉండవూ మరి, అన్నీ నేను చేసినవేగా! ముందురోజు సాయంత్రం ఆరింటిదాకా కూర్చుని కత్తిరించేదాన్ని. పిల్లలు చేసిందల్లా ఫెవికాల్ రాసిన చోట దూది నొక్కడం. ఆ ఫెవికాల్ వేళ్లకంటుకుని, వేళ్లకు దూది అంటుకుని, ఇద్దరు ముగ్గురు ఏడుపు కూడా.

ఇప్పుడు కోనసీమలో, రాజోలు దగ్గర ఒక చిన్న స్కూల్లో ఎల్కేజీ, యూకేజీ చూస్తున్నాను. కుందేలు మానేసి మట్టి, అచ్చులు, కొబ్బరాకు, కాగితం అన్నీ చేయించి చూశాను. ఏది మేలని అడిగితే, పిల్లల వయసెంత, బయట వానా ఎండా అని ముందు అడుగుతాను. అయినా మూడున్నర, నాలుగేళ్ల పిల్లలకు మాత్రం నా ఓటు బంకమట్టికే.

మన డెల్టాలో మట్టికి కొదవేముంది? వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున మెత్తటి బంకమట్టి బయటపడుతుంది. రెండు గోనెసంచులు తెచ్చి, వేళ్లూ నత్తగుల్లలూ గాజుపెంకులూ ఏరేసి, ఎండబెట్టి, నలగ్గొట్టి, జల్లించి ఉంచుకుంటే ఏడాదికి సరిపోతుంది. శుక్రవారం సాయంత్రం నానబెట్టి, శనివారం పొద్దున్నే చపాతీ పిండి కన్నా కాస్త గట్టిగా మర్దించాలి. గుప్పెడు సన్న ఇసుక కలిపితే ఆరినప్పుడు పగుళ్లు తగ్గుతాయి. ఒక్కొక్కరికి బత్తాయికాయంత ముద్ద. కింద అరటాకు ముక్క వేస్తే బల్లకు అంటదు.

మొదటి వారం ఏం చేయమనీ చెప్పను. అందరూ లడ్డూలే చేస్తారు. తర్వాత లడ్డూను అరచేత్తో నొక్కి ఇడ్లీ, పొడుగ్గా దొర్లించి పాము. ఆ పాము దగ్గరే వారాల తరబడి ఆగిపోయేవాళ్లుంటారు, ఆగనివ్వండి. పోయినేడు ఒక బాబు మట్టిని పలకలా పరిచి, దాని మీద నాలుగు గులకరాళ్లు వరసగా పెట్టాడు. నాకు అర్థంకాక, “ఇదేంటి నాన్నా?” అన్నాను.

“పంటు టీచర్. ఇది మా నాన్న బండి. ఇంక నరసాపురం వెళ్లిపోద్ది.”

పంటంటే బండ్లనూ మనుషులనూ గోదావరి దాటించే బల్లకట్టు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినవాడికే తెలుస్తుంది అది. కుందేలు చార్టులో వాడి నాన్న బండికి చోటెక్కడ?

మట్టికున్న ఇంకో సుగుణం, పాడైనా పోయేదేం లేదు. నచ్చకపోతే మళ్లీ ముద్ద చేసేయడమే. చార్టు చిరిగితే వెక్కివెక్కి ఏడ్చే పిల్లే మట్టి చేప తోక విరిగితే నవ్వేస్తుంది. తల్లిదండ్రుల టెన్షన్ వేరే ఉంటుంది: “మట్టిలో ఆడించడానికా ఫీజు కడుతున్నాం, రాత ఎప్పుడు మేడమ్?” అని. 2022లో కేంద్రం తెచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆటతో, బొమ్మలతో నేర్పడానికే పెద్దపీట వేసిందని చెబితే తలూపుతారు గానీ నమ్మరు. పాము దొర్లించే వేళ్లకే పెన్సిల్ పట్టుకునే బలం వస్తుందని, వాళ్ల పిల్లాడి చెయ్యి పట్టుకుని చూపిస్తే నమ్ముతారు.

బజార్లో దొరికే రంగురంగుల క్లే శుభ్రంగా ఉంటుంది, కాదనను. మూడో శనివారానికి అన్ని రంగులూ కలిసిపోయి కాలువ మట్టి రంగులోకే వస్తుంది, డబ్బులు దండగ. ఇంట్లో చేసుకునే ముద్దయితే 2 కప్పుల మైదాకు 1 కప్పు ఉప్పు, చెంచా నూనె, సరిపడా నీళ్లు. కానీ మన తేమ గాలికి ఉప్పు చెమర్చి ముద్ద జావైపోతుంది, ఆ పూటకే వాడెయ్యాలి.

మరి వానాకాలం? ముసురు పట్టిందంటే మట్టి ఆరదు. అప్పుడు అచ్చుల పనే నయం, యూకేజీ వాళ్లకైతే ఏ కాలంలోనైనా బాగుంటుంది. బెండకాయ అడ్డంగా కోస్తే అయిదు రేకుల పువ్వు, అరటి మట్ట కోస్తే తేనెపట్టులాంటి గళ్లు. పళ్లెంలో తడిగుడ్డ మడతపెట్టి దాని మీద చిక్కటి రంగు పోస్తే అదే స్టాంపు ప్యాడ్. ఆకులకైతే వెనకవైపు, ఈనెలు ఉబ్బెత్తుగా ఉన్న వైపు రంగు పూయాలి.

ఇక్కడ నేను తిన్న దెబ్బ చెప్పాలి. మొదటిసారి అరటి మట్టలు అప్పటికప్పుడు కోసి పిల్లల చేతికిచ్చాను. రంగు మరకలు ఉతికితే పోయాయి. అరటి పసరు మరక మాత్రం ఏం చేసినా పోలేదు. సోమవారం ముగ్గురు తల్లులు యూనిఫాం పట్టుకుని వచ్చారు. ఇప్పుడు ముందురోజే కోసి, కడిగి, గుడ్డతో తుడిచి ఉంచుతాను. పిల్లలకు నాన్నల పాత చొక్కాలు ముందువెనకలుగా తొడుగుతాను.

రంగు కొనక్కర్లేదు కూడా. పసుపు నీళ్లతో బెండకాయ పువ్వులు అద్దించి, ఆరాక సబ్బునీళ్లలో ముంచిన దూదితో తుడవమన్నాను. పసుపుపచ్చ కాస్తా కళ్లముందే ఎర్రబడింది. “రక్తం!” అని ఒకడు కేక. పక్క పిల్ల తాపీగా, “కాదండీ, పారాణి. మా అక్క పెళ్లిలో కాళ్లకి పెట్టారు” అంది. పారాణిలో కలిసేది పసుపూ సున్నమే కదా, ఆ పిల్ల చెప్పింది నిజమే. అయితే సున్నం క్లాసులోకి తేకండి, కంట్లో పడితే ప్రమాదం. సబ్బు చాలు. ఎండ తగిలే గోడకు తగిలిస్తే పసుపు రెండుమూడు రోజుల్లో వెలిసిపోతుంది, అదొక్కటే లోటు.

కొబ్బరాకు బొమ్మలు చూడముచ్చటే. మా ఆయమ్మ ఈనె లాగేసి, మాట్లాడుతూనే చేతి గడియారం, కళ్లజోడు, ఊదే పీక చేసి పారేస్తుంది. నాకు రెండోసారి చూసినా రావు, నాలుగేళ్ల పిల్లలకేం వస్తాయి? పైగా ఆకు అంచు వేలు కోస్తుంది. ఆయమ్మ చేస్తుంటే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు, పెట్టుకుని తిరుగుతారు. దాన్ని ఆటగా ఉంచితే సరిపోతుంది, వాళ్ల పని అనిపించుకోదు.

కాగితాన్ని మొత్తానికి మానేయలేదు. సంక్రాంతి సెలవుల ముందు ప్రభలు చేయిస్తాను, వెదురు చట్రానికి రంగుల గుడ్డలు కట్టి భుజాల మీద ఊరేగిస్తారే, అవి. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థం చూసొచ్చే పిల్లలకు ప్రభ ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. అట్టముక్క ఒక్కటే నేను గుండ్రంగా కత్తిరించి ఇస్తాను. రంగు కాగితాలు వాళ్లే చేత్తో చించి మైదా జిగురుతో అంటిస్తారు. కత్తెర ఇవ్వను, చించితే వేళ్లకు పని. పోయినేడు ఒక ప్రభ మొత్తం నలుపే. ఎందుకమ్మా అంటే, “రాత్రి చూశామండీ” అంది.

ఈ వారమంతా ముసురే. శనివారానికి తలా రెండు ముదురు బెండకాయలు పంపమని గ్రూపులో పెట్టాను. లేతవి నొక్కగానే చితికిపోతాయి. ఒక తల్లి అప్పుడే అడిగింది, “మేడమ్, కూరకు పనికిరానివి పంపొచ్చా?” అని. అవే కావాలమ్మా అన్నాను.