వెబ్ సాఫ్ట్‌వేర్ కొంటున్న రొయ్యల వ్యాపారులకు హెచ్చరిక: "సర్వర్ చాలడం లేదు" అన్నంత మాత్రాన డబ్బు కట్టకండి

నెల్లూరు జిల్లాలో రైతులకు మేత అరువుకిచ్చి, పట్టుబడి (గుంటలో రొయ్యలు పట్టే) నాడు సరుకు కొని లెక్క తేల్చుకునే వ్యాపారం మాది. విడవలూరు, ఇందుకూరుపేట వైపు గుంటల దగ్గర మా మనుషులు కాటా వేసి, కౌంటూ (కిలోకు ఎన్ని రొయ్యలో) బరువూ ఫోనులో నమోదు చేస్తే, నెల్లూరు ఆఫీసులో చీటీ తయారయ్యేలా నిరుడు ఒక స్థానిక సంస్థ చేత వెబ్ సాఫ్ట్‌వేర్ చేయించుకున్నాము. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సరుకు మరికొందరి దగ్గర కూడా ఉండవచ్చు కనుక, పేరు కంటే జబ్బు ఆనవాళ్లు తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగం.

మామూలు రోజుల్లో అది బాగానే నడిచేది. పట్టుబడులు ఎక్కువగా ఉన్న రోజు మాత్రం ఉదయం పదకొండు కాకముందే తెర మీద 'టూ మెనీ కనెక్షన్స్' అని వచ్చి, ఎవరి ఫోనులోనూ ఏదీ తెరుచుకునేది కాదు. ఒక పక్క గుంట గట్టు మీద ఐసు కరుగుతుంటే, మరో పక్క మేము కాగితం మీద బరువులు రాసుకుంటూ సంస్థకు ఫోను చేసేవాళ్లము. వారు అయిదు నిమిషాల్లో అప్లికేషన్‌ను రీస్టార్ట్ చేసేవారు, మళ్లీ నడిచేది. నాలుగోసారి ఇలా జరిగినప్పుడు "మీ వాడకం పెరిగింది, సర్వర్ చాలడం లేదు, పెద్ద ప్లాను తీసుకోవాలి" అన్నారు. ఏడాదికి 24 వేల రూపాయలు అదనంగా కట్టాము. రెండు వారాలు తిరగకుండానే మళ్లీ అదే మాట తెర మీద కనిపించింది.

చెన్నైలో డేటాబేస్ (నమోదులన్నీ దాచి ఉంచే వ్యవస్థ) పనే చేసే మా అక్క కొడుకు ఆ సమయానికి ఇంటికి వచ్చి ఉండబట్టి అసలు సంగతి బయటపడింది. సాఫ్ట్‌వేర్ ఆగిపోయి ఉండగానే చూద్దామని ప్రయత్నిస్తే, డేటాబేస్‌లోకి అడుగే పెట్టలేకపోయాడు. మా సాఫ్ట్‌వేర్ వాడే డేటాబేస్ పేరు మైఎస్‌క్యూఎల్. అది మామూలుగా ఒకేసారి 151 కనెక్షన్లను, అంటే అప్లికేషన్ డేటాబేస్‌తో మాట్లాడే దారులను, అనుమతిస్తుంది. అవి నిండినా నిర్వాహకుడు లోపలికి వెళ్లి చూసుకోవడానికి మరొక్కటి విడిగా ఉంచుతుంది. ఈ సంస్థ వారు అప్లికేషన్‌ను రూట్ (అన్ని అధికారాలూ ఉన్న నిర్వాహకుడి ఖాతా) పేరుతోనే నడుపుతున్నందువల్ల, నిర్వాహకుడి కోసం ఉంచిన ఆ ఒక్క దారినీ అదే ఆక్రమించింది. భద్రత మాట ఎలా ఉన్నా, ఇల్లు అంటుకున్నప్పుడు తలుపు తీయడానికి కూడా వీలులేకుండా కట్టిన కట్టుబడి అది.

మరునాడు ఆగిపోకముందే లోపలికి వెళ్లి తెరిచి ఉన్న కనెక్షన్ల జాబితా కోసం 'షో ప్రాసెస్‌లిస్ట్' అని అడిగితే, వరుసగా 'స్లీప్' (పనేమీ లేకుండా ఊరికే ఉండడం) అనే స్థితిలో వందకు పైగా కనెక్షన్లు కనిపించాయి. కొన్నింటి పక్కన పది వేల సెకన్లకు మించిన అంకె ఉంది, అంటే దాదాపు మూడు గంటలుగా ఎవరూ వాడకపోయినా తెరిచే ఉన్నాయన్నమాట. మా దగ్గర దాన్ని వాడేవారు 14 మంది. పద్నాలుగు మందికి 151 చాలలేదని మా చేత డబ్బు కట్టించారు.

కారణం కోడ్‌లో ఉంది. నోడ్ జేఎస్ అనే ప్రోగ్రామింగ్ సాధనంతో రాసిన ఆ అప్లికేషన్ ప్రతి నమోదుకూ కొత్త కనెక్షన్ తెరిచి, పని సజావుగా పూర్తయితేనే మూసేది; మధ్యలో తప్పు వస్తే మూయకుండానే వెనక్కి తిరిగేది. గుంటల దగ్గర సిగ్నల్ అంతంత మాత్రం కనుక మా వాళ్లు బటన్ రెండుసార్లు నొక్కేవారు, రెండో నమోదు 'ఇదివరకే ఉంది' అని తిరస్కరణకు గురయ్యేది, అలా తిరస్కరించిన ప్రతిసారీ ఒక కనెక్షన్ తెరుచుకుని మిగిలిపోయేది. ఊరికే ఉన్న కనెక్షన్‌ను మైఎస్‌క్యూఎల్ తనంతట తాను తెంచేయడానికి మామూలు గడువు 28,800 సెకన్లు, అంటే ఎనిమిది గంటలు. రీస్టార్ట్ చేస్తే అన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి కాబట్టి బాగుపడినట్టే కనిపించేది.

ఇది చూపించాక సంస్థ వారు మొదట పరిమితిని 151 నుంచి 1000కి పెంచారు. ఒక్కో కనెక్షన్ కొంత మెమరీ తీసుకుంటుంది కనుక, రెండు రోజులకు మెమరీ నిండి డేటాబేసే కూలిపోయింది. ఆ తర్వాత పూల్ పెట్టామన్నారు. పూల్ అంటే కొన్ని కనెక్షన్లను ముందే తెరిచి ఉంచుకుని, అవసరమైనప్పుడు తీసుకుని, పని కాగానే తిరిగి ఇచ్చే పద్ధతి. అది సరైన పద్ధతే. కానీ తప్పు వచ్చిన చోట తిరిగి ఇవ్వడం ఇక్కడా మరిచారు. వారు వాడిన లైబ్రరీలో (ఇతరులు రాసి ఉంచిన రెడీమేడ్ కోడ్) పూల్ మామూలు పరిమాణం 10, అవి అయిపోతే కొత్తగా వచ్చిన అభ్యర్థనలు వరుసలో నిలబడతాయి, ఆ వరుసకు హద్దు లేదు. దానితో ఈసారి తెర మీద తప్పు కూడా రాలేదు, చక్రం తిరుగుతూనే ఉండిపోయింది. నా దృష్టిలో ఇది మొదటిదాని కంటే అన్యాయం, ఎందుకంటే మా కుర్రవాళ్లు తప్పు తమ ఫోనుదేమోనని గట్టు మీదే చాలాసేపు కాచుకున్నారు.

కొనబోయేవారు డబ్బు మొత్తం ఇచ్చే ముందు ఒక పరీక్ష పెట్టించండి. అమ్మేవారి ఎదుటే మీ మనుషుల చేత పావుగంట పాటు కావాలని తప్పు నమోదులు చేయించి, అంతకు ముందూ ఆ తర్వాతా 'థ్రెడ్స్ కనెక్టెడ్' అనే అంకెను (ఆ క్షణాన తెరిచి ఉన్న కనెక్షన్ల లెక్క) చూపించమనండి. పని ఆగిన కాసేపటికి ఆ అంకె మొదటి చోటికి దిగాలి. పూల్ ఉంటే పూల్ పరిమాణం దగ్గర నిలవాలి, అంతకు మించి పెరగకూడదు. పూల్ ఉన్నా కూడా, తప్పు నమోదులు పూల్ పరిమాణం కంటే ఎక్కువసార్లు చేసిన వెంటనే ఒక సరైన నమోదు చేసి, అది చక్రం తిప్పకుండా పూర్తవుతుందో లేదో చూడండి. అప్లికేషన్ ఏ పేరుతో డేటాబేస్‌లోకి వెళుతోందో అడిగి, రూట్ అయితే మార్పించండి. చివరి విడత సొమ్మును కనీసం ఒక పెద్ద పట్టుబడి రోజు గడిచేదాకా ఆపి ఉంచేలా ఒప్పందంలోనే రాయించుకోండి.

తప్పు వచ్చినా రాకున్నా కనెక్షన్‌ను తిరిగి ఇచ్చేలా కోడ్‌ను మా వాడే దగ్గరుండి మార్పించాక, అదే పాత చిన్న ప్లాను మీద ఇప్పుడు నడుస్తోంది. అత్యంత రద్దీ రోజున కూడా కనెక్షన్లు పది దాటలేదు. అదనంగా కట్టిన 24 వేలు తిరిగి అడిగితే, ప్లాను వాడుకున్నారు కదా అన్నారు.