రేవు నుంచి ఊరెంత దూరం: లగ్జరీ క్రూయిజ్‌పై మా సమీక్ష

క్రూయిజ్ బ్రోషర్ చేతికిస్తే చాలామంది ముందు గది ఫొటో చూస్తారు. బాల్కనీ ఎంత ఉంది, బాత్‌రూమ్‌లో టబ్ ఉందా, స్విమ్మింగ్ పూల్ ఎన్నో డెక్ మీద ఉంది అని. నేను ఇప్పుడు వాటిని ఆఖరున చూస్తున్నాను. ముందు చూసేవి రెండే. ఓడను ఏ గట్టుకు కడతారు? అక్కడ ఎన్ని గంటలు ఉంచుతారు? పాత రేవు పట్టణాలు చూడాలన్న ఆశతో వెళ్లేవాళ్లకు మిగతా సుఖాలన్నీ వీటి తర్వాతే.

మాది హనుమకొండ. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన దగ్గర్నుంచి నేనూ మా సారూ వీలైనప్పుడల్లా మధ్యధరా, ఏడ్రియాటిక్ సముద్రాల్లో తిరుగుతున్నాం. ఆరేడు వందల మంది ఎక్కే చిన్న లగ్జరీ ఓడలు చూశాం, వేలమందిని మోసే పెద్ద ఓడలూ చూశాం. కంపెనీల పేర్లు రాయను. ఒకే కంపెనీలో ఒక ఓడ బాగుంటుంది, ఇంకోటి అంతంతమాత్రం. ఊళ్లు మాత్రం ఏ ఓడలో వెళ్లినా అవే కాబట్టి వాటి గురించే ఎక్కువ రాస్తున్నా.

బ్రోషర్‌లో "రోమ్" అని ఉంటుంది. ఓడ ఆగేది చివిటవెక్కియాలో. అది ట్రాజన్ చక్రవర్తి రెండో శతాబ్దం మొదట్లో కట్టించిన రేవు. అదీ పాతదే, కాదనను. కానీ అక్కణ్నుంచి రోమ్ 70 కిలోమీటర్ల పైమాటే. మనల్ని కరీంనగర్‌లో దింపి, వేయి స్తంభాల గుడి చూసుకుని సాయంత్రానికి వచ్చేయండి అన్నట్టు ఉంటుంది. "ఫ్లోరెన్స్" అంటే లివోర్నోలో దిగాలి, అది ఇంకా దూరం. ఏథెన్స్ కాస్త నయం. పిరేయస్ రేవు నుంచి ఊళ్లోకి మెట్రో ఉంది. పొద్దున ఎనిమిదికి కట్టి సాయంత్రం ఐదుకు బయల్దేరే ఓడ అయితే, అరగంట ముందే లోపలికి రమ్మంటారు. బస్సు, క్యూ, తిరుగు ప్రయాణం తీసేస్తే రోమ్‌లో చేతికి దక్కేది నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో కొలోసియం బయట ఫొటో దిగొచ్చు. అందుకే మేం రోమ్‌కు విమానంలో ముందే వెళ్లి మూడు రోజులుండి, తర్వాత ఓడ ఎక్కే పద్ధతి పెట్టుకున్నాం. ఇంకో ప్రయాణంలో మళ్లీ చివిటవెక్కియా తగిలితే ఓడ దిగనే దిగం. ఆ రోజు ఓడంతా ఖాళీ, పూల్ మొత్తం మాదే.

వెనిస్ సంగతి వేరు. 2021 ఆగస్టు 1 నుంచి 25,000 టన్నులు దాటిన ఓడలను ఊరి ప్రధాన కూడలి సాన్ మార్కో ముందు నుంచి వెళ్లనివ్వడం లేదు. అంతకుముందు 2019లో ఒక పెద్ద ఓడ అదుపు తప్పి గట్టునూ, అక్కడ ఆగి ఉన్న టూరిస్టు పడవనూ గుద్దింది. నీళ్లలో కట్టిన ఊరు, పునాదులకు ముప్పు అని ఊరివాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నాకే ఆ చట్టం వచ్చింది. ఫలితం ఏంటంటే, ఇప్పుడు టికెట్ మీద "వెనిస్" అని ఉన్నా చాలా ఓడలు రవెన్నాలోనో ట్రియెస్టేలోనో ఆగుతాయి. అక్కణ్నుంచి రెండు గంటలు బస్సు. చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, చదవాలి.

వెనిస్‌ను నేను వదులుకోను. దానికి మా ఓరుగల్లు కారణం. రియాల్టో వంతెన దాటి సాన్ జొవాన్నీ క్రిసోస్తొమో చర్చి వెనక్కి వెళ్తే, ఒక చిన్న గేటు లోపల "కోర్తె సెకొండా దెల్ మిలియొన్" అని ఒక వాకిలి ఉంటుంది. మార్కో పోలో కుటుంబం ఇల్లు అక్కడే ఉండేది. పక్కనున్న మాలిబ్రాన్ థియేటర్ గోడకు ఒక పలక ఉంది, అంతే. గ్రూపు టూర్లు అటు రావు. గొండోలా, గాజు సామాను, ఐస్‌క్రీమ్ అయ్యేసరికి వాళ్ల టైమ్ అయిపోతుంది. మేం అక్కడ చాలాసేపు నిలబడ్డాం. ఆ ఇంటి మనిషి తన యాత్రల వృత్తాంతంలో ముత్‌ఫిలి అని రాసింది మన మోటుపల్లి గురించే. కాకతీయుల రేవు అది. అక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత సన్నని నూలు బట్టల గురించి ఆయన మెచ్చుకుంటూ రాశాడు. ఆ రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా ఏలిందని కూడా రాశాడు. కాకపోతే ఆమెను చనిపోయిన రాజు భార్య అనుకున్నాడు. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురని మన దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆమె మరణాన్ని చెప్పే నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం 1289 నాటిది. రేవుల్లో విన్న మాట విన్నట్టు రాసుకున్నాడు కాబోలు. మా వెనిస్ గైడ్‌కు ఈ సంగతి చెబితే ఫోన్‌లో రాసుకుంది, రుద్రమ పేరు స్పెల్లింగ్ రెండుసార్లు అడిగి మరీ.

అసలు సముద్రం లేని జిల్లావాళ్లకు రేవుల పిచ్చి ఏంటని మా బంధువులు నవ్వుతారు. 1244 ప్రాంతంలో గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం చదివినవాళ్లు నవ్వరు. అంతకుముందు రాజులు తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్లట. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చే వర్తకుల దగ్గర మామూలు సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని ఈయన మాటిచ్చాడు. ఆ సుంకం ఎగుమతి, దిగుమతులపై ముప్ఫైలో ఒక వంతు. ఓరుగల్లు కోటలో కూర్చుని ఒక రాజు సముద్రం మీద నమ్మకాన్ని అమ్మాడన్నమాట. ఇది తలకెక్కించుకుని వెళ్తే ఏ పాత రేవుకు పోయినా చూడ్డానికి బోలెడు ఉంటుంది. గోడలు, చర్చిలు మాత్రమే కాదు, సుంకం ఎక్కడ కట్టించుకునేవాళ్లు, సరుకు ఎక్కడ దించేవాళ్లు, కొత్తవాళ్లను ఎక్కడ ఆపేవాళ్లు అని వెతుకుతాం.

కొత్తవాళ్లను ఆపడం అంటే క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్. 1377లోనే ఆ ఊరు, ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చేవాళ్లు ముప్ఫై రోజులు బయట ఉన్నాకే లోపలికి రావాలని చట్టం చేసింది. కరోనా రోజుల్లో మనం నోరు తిరిగేదాకా పలికిన క్వారంటైన్‌కు తొలి చట్టం అదే. అలా ఆపినవాళ్లను ఉంచడానికి తర్వాతి కాలంలో కట్టిన లాజరెట్టి భవనాలు ప్లోచె ద్వారం బయట ఇంకా ఉన్నాయి. అందరూ కోటగోడ ఎక్కే హడావిడిలో వాటి పక్కనుంచే పోతుంటారు. గోడ కూడా తప్పకుండా ఎక్కండి. చుట్టూ రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. పొద్దున్నే గేటు తీసేసరికి అక్కడుండాలి, తర్వాత నీడ దొరకదు. పైనుంచి చూస్తే ఇళ్ల పెంకులు రెండు రంగుల్లో కనిపిస్తాయి. వెలిసినవి పాతవి, మెరిసే ఎర్రవి 1991-92 ముట్టడిలో బాంబులు పడ్డాక కొత్తగా వేసినవి. పెద్ద ఓడలు ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలోని గ్రూజ్ రేవులో ఆగుతాయి, సిటీ బస్సు ఉంది. చిన్న ఓడ అయితే పాత రేవుకు ఎదురుగా లంగరు వేసి టెండర్ అనే చిన్న పడవల్లో సరిగ్గా కోట ద్వారం దగ్గరే దించుతుంది. లగ్జరీకి పెట్టిన డబ్బుకు విలువ నాకు ఇలాంటి చోట తెలిసింది, గదిలో పెట్టిన షాంపేన్ సీసాలో కాదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన రేవు మాల్టాలోని వలెట్టా. 1565లో ఒట్టోమన్ సేనల ముట్టడిని తట్టుకున్నాక సెయింట్ జాన్ నైట్లు అనే క్రైస్తవ యోధులు 1566లో పునాది వేసిన ఊరు. ఓడ గ్రాండ్ హార్బర్‌లోకి వస్తుంటే రెండు పక్కలా పసుపు రాతి బురుజులే. డెక్ మీద నిలబడితే చాలు, టూర్ టికెట్ అక్కర్లేదు. దిగిన తర్వాత కాస్త నడిస్తే బరాక్కా లిఫ్టు. అది నేరుగా కోట పైన తోటలోకి తీసుకెళ్తుంది. మోకాళ్లు అరిగిన మా వయసువాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి. మధ్యాహ్నం పన్నెండుకు అక్కడి ఫిరంగి పేలుస్తారు. సెయింట్ జాన్ కో-కెథడ్రల్‌లో నేలంతా రంగుల చలువరాతి సమాధి ఫలకాలే. లోపల కారవాజియో గీసిన పెద్ద చిత్రం ఉంది. ఓడ కంపెనీ వాళ్ల గైడెడ్ టూర్ ఇక్కడ కొనడం శుద్ధ దండగ.

మాంటెనీగ్రోలోని కొటోర్‌కు వెళ్తే తెల్లవారుజామునే లేచి డెక్ మీదకు పొండి. కొండల మధ్య మెలికలు తిరిగే ఆ అఖాతంలో ఓడ గంటకు పైగా మెల్లగా నడుస్తుంది, అసలు చూడాల్సింది అదే. గట్టు నుంచి రోడ్డు దాటితే ఊరి ద్వారం. కొండ మీది కోటకు 1,350 మెట్లు. మా సారు పైదాకా పోయొచ్చారు, నేను సగంలో ఉన్న చర్చి దగ్గర ఆగి పిల్లులతో కాలక్షేపం చేశా.

టర్కీలో కుశాదాసి దగ్గర దిగి ఎఫెసస్ అనే ప్రాచీన నగర శిథిలాలు చూడటం మాత్రం గైడ్ లేకుండా వద్దు. సెల్సస్ గ్రంథాలయం, పాతిక వేలమంది పట్టే నాటకశాల అందరూ చూపిస్తారు. మీరు ఆ నాటకశాల ముందు నుంచి పడమటికి పోయే రాతి బాటను చూడండి. అది ఒకప్పుడు రేవుకు పోయే దారి. ఇప్పుడు ఆ చివర గడ్డి, తుంగ, బురద నేల తప్ప నీళ్ల జాడ లేదు. నది తెచ్చిన మట్టితో రేవు పూడిపోయి, సముద్రం కిలోమీటర్ల దూరం జరిగింది. రేవు పోయాక ఊరూ పోయింది. మోటుపల్లి కూడా ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఒక చిన్న ఊరు. అయినా మనవాళ్లలో ఎఫెసస్ చూసినవాళ్లు ఎక్కువ, మోటుపల్లి చూసినవాళ్లు తక్కువ. ఇక మాకు చిరాకు తెప్పించింది: ఓడ ద్వారా తీసుకున్న టూర్‌లో తిరుగుదారిలో తివాచీల షాపులో కూర్చోబెట్టి ముప్పావుగంట తినేశారు. ముందుగా చెప్పనూ లేదు. తర్వాతి సారి బయట లైసెన్సు ఉన్న గైడ్‌ను మాట్లాడుకున్నాం, ఖర్చు తక్కువైంది, సమయం మిగిలింది.

గ్రీస్ దీవి శాంతోరినిలో క్రూయిజ్ ఓడలు కట్టే గట్టు లేదు, టెండర్ పడవలే దిక్కు. గాలి గట్టిగా ఉంటే కెప్టెన్ ఆపకుండా పోతాడు. మాకు అలాగే జరిగింది. రేవు రుసుము తప్ప పైసా తిరిగి రాలేదు. ఒప్పందంలో ఆ హక్కు ఓడవాళ్లదే.

ఇక ఓడ గురించి. గది శుభ్రంగా ఉంటుంది, పనివాళ్లు మర్యాదగా ఉంటారు. ఈ ధరకు అంత ఉండాలి కూడా. శాకాహారమని బుకింగ్‌లోనే రాయించండి, ఎక్కగానే రెస్టారెంట్ మేనేజర్‌కు మళ్లీ చెప్పండి. వంటవాళ్లలో భారతీయులు చాలా ఓడల్లో ఉంటారు. ముందురోజు అడిగితే పప్పు, అన్నం, ఒక కూర చేసిపెట్టారు. కారం మాత్రం ఆశించొద్దు. మేం కంపెనీ సీలు ఉన్న పచ్చడి ప్యాకెట్లు, కారప్పొడి పట్టుకెళ్తాం. ఇంట్లో చేసిన సకినాలు చాలా ఓడల్లో లోపలికి రానివ్వరు. ఫార్మల్ నైట్ అంటే మగవాళ్లకు సూటు తిప్పలు, మనకు పట్టుచీర చాలు. అందరికళ్లూ దానిమీదే. కడుపులో తిప్పడం అలవాటున్నవాళ్లు కింది డెక్‌లో, ఓడ మధ్యలో గది తీసుకోవాలి. పై డెక్ గదికి డబ్బు ఎక్కువ, ఊగుడూ ఎక్కువే. మొదటిరోజు సేఫ్టీ డ్రిల్‌ను ఎగ్గొట్టాలని చూడొద్దు. 2012 జనవరిలో ఇటలీ గిగ్లియో దీవి దగ్గర ఒక క్రూయిజ్ ఓడ బండకు కొట్టుకుని 32 మంది పోయారు. అప్పటికి కొత్తగా ఎక్కినవాళ్లకు డ్రిల్ ఇంకా జరగనేలేదు.

జూలై, ఆగస్టు వద్దు. ఎండా, జనమూ రెండూ భరించలేం. ఏప్రిల్ చివర, మే, లేదంటే సెప్టెంబర్ ఆఖరు నుంచి అక్టోబర్ బాగుంటాయి. ఓడ రాత్రి పదింటిదాకా ఉండే రేవులు, రాత్రంతా ఆగే రేవులు ఎన్ని ఉన్నాయో ఏజెంట్‌ను లెక్కబెట్టి చెప్పమనండి. పగటి గుంపులు వెళ్లిపోయాక దుబ్రోవ్నిక్ వీధుల్లో నడిస్తే ఊళ్లోవాళ్లు కుర్చీలు బయటేసుకుని కూర్చుంటారు.

వీసా టెన్షన్ ఒకటి. ఇటలీ, గ్రీస్, మాల్టా, 2023 నుంచి క్రొయేషియా కూడా షెంగెన్‌లోనే, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల్లోనే. మాంటెనీగ్రో, టర్కీ కాదు. కొటోర్‌కో కుశాదాసికో పోయి మళ్లీ ఇటలీకి రావాలంటే మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి, అప్లికేషన్‌లో రూట్ మొత్తం చూపించి అడగాలి. హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టొచ్చు, టికెట్ కన్నా ముందు ఇది చూసుకోండి. ఇన్సూరెన్స్ లేకుండా అడుగు బయటపెట్టొద్దు. ఓడలో డాక్టర్ ఉంటాడు, బిల్లు మాత్రం డాలర్లలో.

డబ్బు విషయం: మంచి లగ్జరీ ఓడలో ఇద్దరికి కలిపి రాత్రికి లక్ష రూపాయల దాకా అవుతుంది, పైన విమానం. టిప్పులు, డ్రింకులు, వైఫై అందులో కలిపారో లేదో అడగండి. కలపని "చవక" టికెట్ దిగేసరికి దాదాపు అంతే అవుతుంది. మన ఏజెంట్ దగ్గర విదేశీ టూర్ ప్యాకేజీగా కొంటే టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు. ఏజెంట్‌కు పాన్ నంబర్ సరిగ్గా ఇచ్చి, మీ ఆదాయపు పన్ను ఖాతాలో పడిందో లేదో చూసుకుని, రిటర్ను వేసేటప్పుడు లెక్కలోకి తెచ్చుకోండి. భార్యాభర్తలిద్దరి టికెట్లూ ఒకరి పాన్ మీదే కొంటే మొత్తం ఆ ఒక్కరి ఖాతాలోనే పడుతుంది. ఎవరు రిటర్ను వేస్తారో వాళ్ల పేరు మీదే కొనండి.