కొత్త డెస్క్‌టాప్ కొంటున్నారా? ప్రాసెసర్ వేడి, వోల్టేజీ చూడకుండా దుకాణం నుంచి తెచ్చుకోవద్దు

2025 ఏప్రిల్‌లో సికింద్రాబాద్‌లోని ఒక దుకాణంలో, మా అబ్బాయి ఆర్కిటెక్చర్ చదువు కోసం ఇంటెల్ 14వ జనరేషన్ ఐ7-14700కె ప్రాసెసర్‌తో డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకుని, లక్షా నలభై వేల రూపాయలు చెల్లించాను. మొదటి రోజు నుంచే, వాడు రెండరింగ్ (గీసిన నమూనాను నిజమైన బొమ్మలా మార్చే పని) మొదలుపెట్టగానే ఫ్యాన్లన్నీ పూర్తి వేగంతో మోత పెట్టేవి, పని మాత్రం వాడి స్నేహితుడి పాత కంప్యూటర్ కంటే నెమ్మదిగా సాగేది. దుకాణానికి ఫోన్ చేస్తే, ఎండాకాలమనీ, ఈ ప్రాసెసర్లు ఇలాగే వేడెక్కుతాయనీ సమాధానమిచ్చారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నందువల్లనే నేను మూడు వారాలు ఊరుకున్నాను. మీరు అలా ఊరుకోకూడదని ఇది రాస్తున్నాను.

విండోస్ టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ ఉష్ణోగ్రత కనిపించదు. అందుకు హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని చూశాను. గదిలో 34 డిగ్రీలున్నప్పుడు, ఏ పనీ చేయకుండా ఉంచిన ప్రాసెసర్ 63 డిగ్రీలు చూపించింది. ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టి చూసే సినీబెంచ్ పరీక్ష మొదలుపెట్టిన నాలుగు సెకన్లలో 100 డిగ్రీలకు చేరింది. ఆపగానే రెండు సెకన్లలో మళ్లీ 65కు పడిపోయింది. ఈ ప్రాసెసర్‌కు 100 డిగ్రీలే గరిష్ఠ హద్దు, అక్కడికి చేరాక తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అయితే నన్ను నిజంగా కలవరపెట్టిన అంకె 100 కాదు, దాని పక్కనే కనిపించిన విద్యుత్ వాడకం, 90 వాట్లు. 125 వాట్లు నిరంతరంగా వాడుకునేలా తయారైన ప్రాసెసర్ 90 వాట్లకే హద్దు తాకుతోందంటే, పుట్టిన వేడి, ప్రాసెసర్ మీద బిగించి దాన్ని చల్లబరిచే కూలర్‌లోకి వెళ్లడం లేదన్నమాట. క్యాబినెట్‌లో గాలి ఆడకపోతే ఉష్ణోగ్రత నిమిషాల మీద మెల్లగా పెరుగుతుంది. ఇలా క్షణాల్లో ఎగసి క్షణాల్లో పడిపోతే, కూలర్ ప్రాసెసర్‌కు సరిగా ఆనుకోలేదని ముందుగా అనుమానించాలి.

కూలర్ విప్పి చూస్తే, బిగించే ముందు తీసేయాలని రాసి ఉండే పారదర్శక ప్లాస్టిక్ పొర దాని అడుగున అలాగే ఉంది, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేసే థర్మల్ పేస్ట్ మొత్తం ఆ పొర మీదే పూసి ఉంది. విప్పడానికి ముందూ తర్వాతా ఫోటోలు తీసి పంపాకే దుకాణం వారు తప్పు ఒప్పుకున్నారు.

అంతటితో అయిపోలేదు. కంప్యూటర్ ఆన్ కాగానే మదర్‌బోర్డులో ముందుగా నడిచే బయోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే విద్యుత్ పరిమితి 4095 వాట్లుగా ఉంది, అంటే పరిమితే లేదని అర్థం. ఈ ప్రాసెసర్‌కు ఇంటెల్ చెప్పిన గరిష్ఠ టర్బో (వేగం పెంచుకుని పనిచేసేటప్పటి) పరిమితి 253 వాట్లు. పైగా ఆ బయోస్ 2024 ఆరంభం నాటిది. 13వ, 14వ జనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో, కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం) లోపలి క్లాక్ సర్క్యూట్ ఎక్కువ వోల్టేజీ, వేడి వల్ల ముందుగానే అరిగిపోయి, కంప్యూటర్ కారణం లేకుండా ఆగిపోయే సమస్య ఉందని ఇంటెల్ సంస్థే 2024లో ప్రకటించింది, 1.55 వోల్టులకు మించి అడగకుండా నిలువరించే 0ఎక్స్129 మైక్రోకోడ్‌ను (ప్రాసెసర్ పనితీరును సరిచేసే చిన్న కోడ్‌ను) ఆగస్టులో, తర్వాత 0ఎక్స్12బిని సెప్టెంబరులో బయోస్ అప్‌డేట్ల ద్వారా విడుదల చేయించింది. ఇవి రాబోయే నష్టాన్ని ఆపేవే తప్ప, జరిగిన నష్టాన్ని పూడ్చేవి కావు. అందుకే అప్‌డేట్ వచ్చి ఎన్నో నెలలైనా పాత బయోస్‌తోనే మాకు అమ్మడాన్ని ప్లాస్టిక్ పొర కంటే పెద్ద నిర్లక్ష్యంగా నేను భావిస్తున్నాను. పొర అయితే తీసేయగలిగాము.

వోల్టేజీ చూసేటప్పుడు కొంచెం ఓపిక కావాలి. విఐడి అని కనిపించేది ప్రాసెసర్ అడిగే వోల్టేజీ, వీకోర్ అనేది మదర్‌బోర్డు కొలిచి చూపే వోల్టేజీ. రెండూ ఒకటి కావు. ఒకటి రెండు కోర్లు గరిష్ఠ వేగంతో పనిచేసే తేలికపాటి పనుల్లోనే వోల్టేజీ ఎక్కువగా ఉంటుంది, అన్ని కోర్లకూ పని పడినప్పుడు తగ్గుతుంది. కాబట్టి బ్రౌజర్ తెరిచినప్పుడు క్షణంపాటు 1.4 దాటితే భయపడనక్కరలేదు. ఒక అరగంట మామూలుగా వాడి, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో గరిష్ఠం (Maximum) అనే నిలువు వరుసలో విఐడి 1.55కు మించి నమోదైందేమో చూడండి. అలాగే, ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్లలో చాలావాటికి 95 డిగ్రీలు హద్దు, భారీ పనిలో అక్కడిదాకా వెళ్లేలాగానే వాటిని రూపొందించారు. ఆ అంకె ఒక్కటే చూసి దుకాణదారుతో గొడవపడటం న్యాయం కాదు.

దుకాణంలోనే బయోస్ అప్‌డేట్ చేయించి, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ పెట్టించండి. విద్యుత్ పరిమితి తీసేసిన మదర్‌బోర్డు మీద చక్కగా బిగించిన ఎయిర్ కూలర్ కూడా 100 తాకవచ్చు కనుక, దీర్ఘకాల విద్యుత్ పరిమితిని 125 వాట్లకు తగ్గించి, మీ కళ్ల ముందు పది నిమిషాలు సినీబెంచ్ నడిపించండి. తిరిగి బిగించాక మా ప్రాసెసర్ అదే 125 వాట్ల దగ్గర 77 డిగ్రీల్లో నిలకడగా ఉంది, ఖాళీగా ఉన్నప్పుడు 43.

ప్రాసెసర్ సీల్ వేసిన డబ్బాలో వచ్చిందో, విడిగా ట్రే నుంచి తీసిందో కూడా అడగండి. పైన చెప్పిన క్లాక్ సర్క్యూట్ సమస్య కారణంగా వారంటీని ఇంటెల్ మరో రెండేళ్లు పొడిగించింది, కానీ ట్రే ప్రాసెసర్ అయితే అమ్మినవారి దగ్గరికే వెళ్లాలి. మా బిల్లులో సీరియల్ నంబరే లేదు. రాసివ్వడానికి వారు రెండుసార్లు నిరాకరించారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాక, నాలుగో రోజున సీరియల్ నంబర్‌తో కొత్త బిల్లు ఇచ్చారు.