స్లుత్స్క్ దట్టీ: మోసపోయింది ఒకచోట, చూసింది ఇంకోచోట

ముందే చెప్పేస్తున్నా. బెలారుస్ రాజధాని మిన్‌స్క్‌లో ఎవరైనా "మీర్, నెస్విజ్, స్లుత్స్క్ మూడు ఊళ్లూ ఒక్క రోజులో చూపిస్తాం" అంటే నమ్మకండి. మేము నమ్మి 420 రూబుళ్లు ఇచ్చాం. అప్పుడు రూబుల్ దాదాపు 26 రూపాయలు. అంటే పదకొండు వేలకు కొంచెం తక్కువ.

మా అబ్బాయి అక్కడ మెడిసిన్ మూడో ఏడు. జూన్‌లో నేనూ మా ఆవిడా పన్నెండు రోజులు ఉండేలా వెళ్లాం. మొదటి నాలుగు రోజులూ మిన్‌స్క్ మెట్రోలో తిరుగుతూ హాయిగా గడిచాయి. మా ఆవిడది వెంకటగిరి, నేతపని ఇల్లు. బెలారుస్‌లో నడుముకి చుట్టుకునే, జరీతో నేసిన పాతకాలపు దట్టీలున్నాయని మావాడు ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచి ఆవిడ ధ్యాసంతా వాటి మీదే. కోటలు నాకు, దట్టీలు ఆవిడకి అని ఒప్పందం.

డ్రైవరే గైడు. ఎర్ర ఇటుకల మీర్ కోట 2000లో యునెస్కో జాబితాకెక్కింది. ఒక చుట్టు తిరిగేలోపే హారన్ కొట్టాడు. ఒకప్పటి అక్కడి ప్రభువులు రాద్జీవిల్ వంశం వాళ్ల నెస్విజ్ ప్యాలెస్ దగ్గర గంట ఇచ్చాడు, అది మాత్రం నిజంగా బాగుంది. అక్కణ్నుంచి స్లుత్స్క్‌కి పోవాల్సినవాడు ఓ దుకాణం ముందు ఆపి, "దట్టీల మ్యూజియం ఈరోజు సెలవు. అవే దట్టీలు ఇక్కడ దొరుకుతాయి, చేత్తో నేసినవి" అన్నాడు. పాపం మా ఆవిడ కోసమని 160 రూబుళ్లు పెట్టి ఒకటి కొన్నా.

కారెక్కగానే ఆవిడ దాన్ని తిరగేసింది. "ఏమండీ, వెనకంతా దారాలు వేలాడుతున్నాయి. ఇది చేత్తో నేసిందా?" వెంకటగిరి జాందానీ నేతలో బుటా రెండు వైపులా ఒకేలా కనబడాలి, ఆ ఊరివాళ్లు ఏ బట్ట ఇచ్చినా ముందు వెనక్కి తిప్పే చూస్తారు. వెనక సీట్లోంచి మావాడు ఫోన్ చూపించాడు: "నాన్నా, మ్యూజియం ఇవాళ తెరిచే ఉంది." ఆ మాట అప్పుడే చెప్పకపోయినా బాగుండేది. మిన్‌స్క్ దాకా కార్లో ఎవరూ నోరు మెదపలేదు.

మర్నాడు మేమే స్లుత్స్క్‌కి మర్ష్రూత్కా ఎక్కాం. మర్ష్రూత్కా అంటే చిన్న వ్యాను. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం, మనిషికి 14 రూబుళ్లు. మ్యూజియం టికెట్లు ముగ్గురికీ కలిపి 27. నిన్న పోసిన డబ్బుతో పోలిస్తే ఎంత?

దట్టీ రెండు నుంచి నాలుగున్నర మీటర్ల దాకా పొడవుంటుంది. జమీందార్లు పొడవాటి కోటు మీద నడుముకి చుట్టుకునేవాళ్లు. దీనికి వెనక వైపు అనేదే లేదు. ఒక్కో ముఖం పొడవునా రెండు రంగులుగా ఉంటుంది, నిలువునా మడిస్తే నాలుగు దట్టీలన్నమాట. పెళ్లికి వెలుగు రంగు పైకి, చావింటికి నల్లది పైకి. 18వ శతాబ్దం మధ్యలో రాద్జీవిళ్లు ఇస్తాంబుల్ పనితనం తెలిసిన యాన్ మజార్స్కీ అనే అర్మేనియన్ నేతగాణ్ని పిలిపించుకున్నారు. అప్పటిదాకా తుర్కీ, పర్షియా నుంచి తెప్పించుకున్న సరుకు ఇక్కడే తయారైంది.

మగ్గాల మీద మగవాళ్లే కూర్చునేవాళ్లట, ఆడవాళ్ల చెయ్యి తగిలితే జరీ మెరుపు తగ్గుతుందని నమ్మకం. గైడమ్మాయి మాటని మావాడు తెలుగులో చెప్పగానే మా ఆవిడ, "మా అమ్మ చెయ్యి తగలని చీర వెంకటగిరిలో ఒక్కటి చూపించమను" అంది. తమాషా ఏంటంటే, 1912లో మక్సీమ్ బహ్దానోవిచ్ అనే కవి స్లుత్స్క్ నేతగత్తెల మీదే కవిత రాశాడు. పర్షియా డిజైన్ నెయ్యమంటే, ఊరు గుర్తొచ్చి తమ పొలంలోని నీలం పువ్వుని నేసేస్తారు అందులో. ఆ దేశంలో అందరికీ తెలిసిన కవిత.

ఇప్పుడు నకళ్లు కంప్యూటర్ మగ్గం మీద నేస్తారు. దాచకుండా మన కళ్లముందే నడిపించి చూపిస్తారు. నాకు కొంచెం నిరాశే. మా ఆవిడ మాత్రం అరగంట అక్కణ్నుంచి కదల్లేదు. "పోగు తెగితే ఎవరు అతుకుతారు?" అని అడిగించింది. మిషను ఆగిపోతుంది, మనిషే అతకాలి అన్నారు. మొహం అప్పుడు వెలిగింది.

భోజనం సంగతి. ద్రానికీ అడగండి: పచ్చి బంగాళదుంప తురుముతో వేసిన అట్లు, పైన స్మెతానా అనే పుల్లటి మీగడ. మాకు మనిషికి 11 రూబుళ్లు పడింది. మాంసం తినని మా ఆవిడ రెండు ప్లేట్లు లాగించింది. మాచంకా జోలికి మాత్రం పోకండి, అది పంది మాంసం పులుసు.

వచ్చే ముందు మిన్‌స్క్‌లో గడ్డితో అల్లిన "పావుక్" ఒకటి 35 రూబుళ్లకి కొన్నాం. పావుక్ అంటే సాలీడు. రై అనే ధాన్యపు గడ్డిని నానబెట్టి మెత్తబరిచి అల్లుతారు, కప్పుకి వేలాడదీస్తే గాలికి నెమ్మదిగా తిరుగుతూ బంగారంలా మెరుస్తుంది. ఈ గడ్డి అల్లికని 2022లో యునెస్కో గుర్తించింది. విమానంలో చేతిసంచిలోనే పెట్టుకోండి, లగేజీలో వేస్తే నలిగిపోతుంది.

160 రూబుళ్ల దట్టీ ప్రస్తుతం మా వంటింట్లో మిక్సీ మీద ఉంది. దారాలున్న వైపు పైకి పెట్టి కప్పింది మా ఆవిడ.