క్యారవాన్ ఫ్లోర్ కింద చెమ్మ: మడమతో నొక్కి చూడాలా, మీటర్ పెట్టాలా?

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పటి నుంచి విజయవాడలో సెకండ్ హ్యాండ్ బండి కొనాలంటే ఒకటే టెన్షన్: ఇది నీళ్లలో మునిగిందా? క్యారవాన్ అయితే భయం రెట్టింపు. ఇంజిన్ సంగతి ఆటోనగర్ మెకానిక్ చెప్పేస్తాడు. వినైల్ షీటు కింద ఉన్న ప్లైవుడ్ సంగతి మనమే చూసుకోవాలి.

చెప్పులు విడిచి, మడమతో అడుగడుగూ నొక్కుతూ నడవడం ఒక పద్ధతి. పైసా ఖర్చు లేదు. మెత్తగా దిగిందంటే లోపల పొరలు విడిపోయినట్టే. స్క్రూడ్రైవర్ పిడితో తట్టినా గట్టి చెక్కకీ, పుచ్చిన చెక్కకీ శబ్దంలో తేడా తెలిసిపోతుంది. కానీ ఇలా దొరికేసరికే చెక్క పాడైపోయి ఉంటుంది.

చెక్కలో తేమ ఎంతుందో కొలిచే మాయిశ్చర్ మీటర్ అంతకంటే ముందే పట్టిస్తుంది. అది 20 శాతం దాటితే అనుమానించాల్సిందే. అయితే మన మే నెల ఎండకు ఎండిపోయిన పాత డ్యామేజీ దానికి కనపడదు. చెక్కలో గుచ్చే పిన్నులు లేకుండా పైన ఆనించి చూసే రకమైతే కింద ఇనుప ఫ్రేము ఉన్నచోట తప్పు లెక్క చూపొచ్చు.

అందుకే ఎండాకాలంలో నేను మడమనే నమ్ముతాను, వానల్లో మీటర్‌ని. ఏది వాడినా తలుపు దగ్గర, సింకు కింద, చక్రాల పక్కన మాత్రం రెండుసార్లు చూడండి.